వంతెన మీద చీపురు గీతలు

"వాడి దగ్గర నీళ్ళు ఏమాత్రం ఉన్నాయో ఎవరైనా చూశారా?"

జీపు ఇంకా ఆగనే లేదు. తూబా ఖానుం అద్దం దించి ఆ మాట బయటికి వేసింది. కాపలా గది ముందున్న ఇద్దరు పోలీసులు మొహమొహాలు చూసుకున్నారు. ఇరవై ఆరేళ్ళుగా నేరపరిశోధన విభాగంలో ఉన్న మనిషి, వస్తూనే సాక్షుల గురించో వేలిముద్రల గురించో అడుగుతుందనుకున్నారు.

"నీళ్ళా? రెండు సీసాలూ గదిలోనే ఉన్నాయి ఖానుం," అన్నాడొకడు.

"ఖాళీవా?"

"నిండుగానే ఉన్నాయి."

ఆవిడ జీపు దిగింది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. తూబా కీడెంచడం దగ్గరే ఆగిపోయే రకం. షాహ్‌రూద్ నుంచి ఇక్కడికి రెండు గంటల దారి. ఆ రెండు గంటల్లో తనెన్నడూ చూడని మనిషిని మనసులో తొమ్మిది రకాలుగా చంపేసింది: లారీ కింద, పాముకాటుకి, ఎండదెబ్బకి, వేటగాడి తూటాకి. పొద్దున ఇల్లు కదిలేముందు గ్యాస్ పొయ్యి మూడుసార్లు చూసుకుంది. చేరానని ఫోన్ చేసి చెప్పేందుకు మొగుడు పోయాక ఎవరూ మిగల్లేదు. అందుకే ఎక్కడ దిగినా 'చేరాను' అని తనలో తనే అనుకోవడం అలవాటైంది. ఇవాళా అనుకుంది.

గడియారం చూసుకుంది. శుక్రవారం, ఉదయం తొమ్మిదీ పది.

తప్పిపోయినవాడి పేరు యదుల్లా. ముప్పై నాలుగేళ్ళు. వన్యప్రాణుల కాపలాదారు. ఎడారిని రెండు ముక్కలు చేస్తూ పోయే మషద్ రహదారి మీద జంతువుల కోసం కట్టిన వంతెనకి వాడే కావలి. కింద లారీలు పోతుంటాయి. పైన మట్టి పోసి, పొదలు నాటి, అటూ ఇటూ నిలువెత్తు కంచె కట్టారు. ఈ దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలిన చీతాలు రోడ్డు మీద చావకుండా, ఈ పైదారిన దక్షిణం నుంచి ఉత్తరానికి దాటాలని. వంతెన తెరిచి పద్నాలుగు నెలలైంది. జింకలు దాటాయి, నక్కలు దాటాయి. చీతా ఒక్కటీ దాటలేదు. ఈ వసంతంలో ఒక తల్లి చీతా రెండు పిల్లలతో దక్షిణపు వైపు తిరుగుతోంది. నీటి ఊటలన్నీ ఉత్తరాన ఉన్నాయి.

బుధవారం తెల్లవారుజామున యదుల్లా కనిపించకుండా పోయాడు. వాడితోపాటు చీతా పిల్లల జాడా పోయింది.

"సలాం ఖానుం. సెలవు రోజున శ్రమ పడ్డారు," అంటూ కెప్టెన్ పర్విజీ గదిలోంచి వచ్చాడు. దోసిట్లో గుమ్మడి గింజలు, పళ్ళ మధ్య ఒకటి. టక్కున కొరికి తొక్క ఉమ్మేశాడు. "మీకిక్కడ పనేమీ మిగల్చలేదు నేను. పదకొండింటికి సెమ్నాన్ హెడ్డాఫీసు నుంచి అడుగుతారు, హెలికాప్టర్ పంపాలా వద్దా అని. వద్దని చెప్తాను. పారిపోయినవాణ్ణి ఎడారిలో వెతకడం దేనికి?"

"పారిపోయాడని ఎవరు చెప్పారు?"

"వాడే చెప్పాడు, తన పనులతో." పర్విజీ వేలు మడిచాడు. "తెల్లారి నాలుగున్నరకి వైర్లెస్‌లో 'అంతా బాగానే ఉంది' అన్నాడు. ఆరున్నరకి పిలిస్తే పలకలేదు. ఆ వైర్లెస్సు బల్ల మీదే ఉంది. ఎందుకొదిలేశాడు? ఎవరూ పిలవకూడదని. వంతెన మీది కెమెరాని తొమ్మిది రాత్రులుగా పదకొండింటికల్లా ఆపేస్తున్నాడు. పుస్తకంలో వాడి చేత్తోనే రాసుకున్నాడు, 'బ్యాటరీ మార్పు' అని. తొమ్మిది రాత్రులూ బ్యాటరీ మారుస్తారా ఎవరైనా? నాలుగూ నలభైకి ఒక టాంకరు డ్రైవరు చూశాడు, వంతెన చివర మనిషి, భుజం మీద గోతం. గోతంలో ఏముంటుంది ఖానుం? రెండు పిల్లలు, అమ్ముకోవడానికి."

"అడుగుల జాడలు?"

"అదే అసలు దెబ్బ." పర్విజీ కళ్ళు మెరిశాయి. "గదిలోంచి వంతెన దాకా వాడి బూట్ల గుర్తులున్నాయి. వంతెన దక్షిణపు మొదట్లో ఆగిపోయాయి. ఆ పైన ఒక్క గుర్తు లేదు. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. గాల్లోకి ఎగరడు కదా. పక్కనే రోడ్డులోకి దిగే ఇనప నిచ్చెన ఉంది. దిగాడు, కారెక్కాడు. నేను మాత్రం వంతెనకి రెండు వైపులా తాడు కట్టించాను, ఎవరూ తొక్కకుండా. ఆ పని మెచ్చుకోండి."

"మెచ్చుకుంటున్నాను," అంది తూబా. నిజంగానే మెచ్చుకుంది. "ఎడారిలో నీళ్ళు లేకుండా మనిషి ఎన్ని గంటలుంటాడు కెప్టెన్?"

"కార్లో నీళ్ళుంటాయి లెండి."

"కారు లేకపోతే?"

పర్విజీ ఇంకో గింజ కొరికాడు.

*

గదిలో యదుల్లా తల్లిదండ్రులు కూర్చున్నారు. కంబళి మీద గోడకి ఆనుకుని తండ్రి కల్బ్‌అలీ. గొర్రెల కాపరి. డెబ్భై ఏళ్ళ మనిషి, ఎండిన మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకున్నాడు. ముందున్న టీ చల్లారి తెట్టు కట్టింది. చక్కెర ముక్క అలాగే ఉంది. తల్లి గోల్‌అందామ్ తలుపు దగ్గరే నిలబడింది, కొడుకు వస్తే ముందు తనకే కనపడాలన్నట్టు.

తూబా కంబళి మీద ముసలాయనకి ఎదురుగా కూర్చుంది.

"పెద్దాయనా, మీవాణ్ణి ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

కల్బ్‌అలీ నేల చూశాడు.

"బుధవారం తెల్లారగట్ల మీరెక్కడున్నారు?"

ముసలాయన మోకాళ్ళు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"ఆయనని అడిగి లాభం లేదు ఖానుం జాన్," అంది గోల్‌అందామ్. "రెండు రోజుల్నుంచీ నాతోనే మాట్లాడ్డం లేదు. కొడుకుతోనంటారా, పద్నాలుగు నెలలైంది మాటలు పోయి."

"ఒకే ఇంట్లో ఉంటూనా?"

"ఒకే పళ్ళెం దగ్గర కూర్చుంటూ! 'నీ కొడుకుని ఉప్పు ఇటివ్వమను,' అంటాడీయన. 'పక్కనే ఉందని మీ ఆయనకి చెప్పు,' అంటాడు వాడు. మధ్యలో నేను తంతితపాలా. ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళు ఓడిపోయినట్టు. ఊళ్ళో తెల్లగడ్డం పెద్దొకాయన పూనుకుని చేతులు కలిపితే తప్ప తీరదు మాలో. హాజీ సఫర్ కలుపుతానన్నాడు. చలికాలంలో ఆయనే పోయాడు. ఇంక ఎవరు కలుపుతారు?"

"దేనికొచ్చింది తగువు?"

"ఇదిగో, ఈ వంతెనకే." తల్లి గోడ వైపు చెయ్యి ఊపింది. "వంతెన వచ్చాక ఉత్తరపు బీడు జంతువులకే అన్నారు, మంద పోకూడదన్నారు. తాతల నాటి మేత అది. పాత మేత దారికి గొలుసు వేసి తాళం పెట్టింది ఎవరనుకున్నారు? నా కొడుకే. తండ్రి ఎదటే. ఉద్యోగం కదా, వాడేం చేస్తాడు?"

మాట్లాడుతుంటే ఆవిడ చేతులు తిరుగుతున్నాయి. వేళ్ళ చివర్లు, గోళ్ళ సందులు ఎర్రగా ఉన్నాయి.

"గోరింటాకా?" అంది తూబా.

"గోరింటాకు పెట్టుకునే రోజులా ఇవి! మంజిష్ఠ. గొర్రెల తోకల మీద రంగు వేస్తాం. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు, మందలు కలిసినా తెలియాలని. ఎరుపు మాదే." ఆవిడ ఒకడుగు దగ్గరికి వచ్చింది. "ఖానుం, మీకూ పిల్లలున్నారేమో. నిజం చెప్పండి, బతికే ఉంటాడా?"

తూబాకి పిల్లల్లేరు. అబద్ధమూ రాదు. "పదకొండు దాకా టైముంది నాకు," అని లేచింది.

లేస్తూ గది నాలుగు మూలలూ చూసింది. మంచం, బల్ల, వైర్లెస్సు, రెండు నీళ్ళ సీసాలు, గొలుసుకి తగిలించిన తాళం చెవి. తలుపు వెనక గోడకి ఒక పెద్ద మేకు. మేకు కింద సున్నం మీద గుండ్రంగా మాసిన మచ్చ, ఏదో రోజూ వేలాడి రాసుకున్నట్టు. మచ్చ కింద నేల మీద ముళ్ళ లాంటి సన్నటి ఆకుపుల్లలు నాలుగు రాలి ఉన్నాయి.

"ఇక్కడేం ఉండేది?"

"వాడి చీపురు," అంది తల్లి. "గజ్ చెట్టు కొమ్మలు కట్ట కట్టుకున్నాడు, నా అంత ఎత్తున. వంతెన మీద ఇసక బాట ఉంది కదా, పొద్దు గూకితే నున్నగా ఊడుస్తాడు. రాత్రి ఏ జంతువు నడిచినా పొద్దున్న కాళ్ళు కనిపించాలని."

తూబా తలుపు తీసి కేకేసింది. "కెప్టెన్! చీపురేది?"

"ఏంటి?"

"ఈ మేకుకి నిలువెత్తు చీపురు కట్ట ఉండాలి. లేదు. మీ లెక్క ప్రకారం వీడు నీళ్ళొదిలేశాడు, వైర్లెస్సు వదిలేశాడు, బట్టలొదిలేశాడు. చీపురొక్కటే పట్టుకుని పారిపోయాడా?"

బయట నిలబడ్డ పోలీసు కిసుక్కుమన్నాడు. పర్విజీ వాడి వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"మీ డ్రైవరు నాలుగూ నలభైకి చీకట్లో చూసింది గోతం కాదు. భుజాన చీపురు కట్ట."

"కావచ్చు. కాకపోవచ్చు," అన్నాడు పర్విజీ. "చీపురు మీద హెలికాప్టర్ రాదు ఖానుం. టైము తొమ్మిదీ యాభై."

బల్ల మీది పుస్తకం తీసుకుని ఆవిడ బయటికి నడిచింది.

*

వంతెన మీద ఎవరూ లేరు. ఎడారి మీద కప్పిన దుప్పటి ముడతలా ఉందది. నలభై అడుగుల దూరం ఇసక బాట, పది అడుగుల వెడల్పు, రెండు పక్కలా మాచిపత్రి వాసన వేసే బూడిదరంగు పొదలు. కింద ఎప్పుడో ఒక లారీ పోతే నేల వణికి మళ్ళీ ఊరుకుంటోంది. ఇక్కడ రాత్రుళ్ళు ఒంటరిగా పద్నాలుగు నెలలు నిలబడటమంటే ఏమిటో తూబా ఊహించింది. ఇంటికెళ్తే మాట్లాడని తండ్రి. ఇక్కడికొస్తే రాని చీతా.

తాడు కిందనుంచి వంగి వెళ్ళి, బాట అంచున మోకాళ్ళ మీద కూర్చుంది.

ఇసక మీద చీపురు గీతలు స్పష్టంగా ఉన్నాయి. రెండు రోజులుగా గాలి లేదు. నెలవంకల్లా వరసలు వరసలుగా, ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఆవిడ తల వంచి ఒక వరస చూసింది, తరవాతిది చూసింది. లేచి ఉత్తరపు కొస దాకా అంచు వెంబడే నడిచి, అక్కడా కూర్చుని చూసింది.

"మీరెప్పుడైనా ఇల్లు ఊడ్చారా కెప్టెన్?"

"మా ఇంట్లో ఆడవాళ్ళున్నారు."

"అందుకే కనపడలేదు మీకు. తడిగుడ్డ పెట్టే ఇల్లాలు ఎటు నడుస్తుంది? వెనక్కి. గుమ్మం వైపు. లేకపోతే తుడిచిందంతా తనే తొక్కుతుంది కదా. కడపటి వరస ఎటుంటే అటే ఆవిడ బయటికి పోయినట్టు. ఇక్కడ చూడండి. దక్షిణపు గీతల మీదికి ఉత్తరపు గీతలెక్కాయి. అన్ని వరసలూ అంతే."

పర్విజీ నోట్లో గింజ ఆగిపోయింది.

"వాడు గదివైపు నుంచి మొదలుపెట్టాడు. వెనక్కి నడుస్తూ, తన అడుగులు తనే చెరుపుకుంటూ ఉత్తరానికి దిగిపోయాడు. జాడలు లేవని మీరు రోడ్డు వైపు వెతికారు. జాడలు లేకపోవడమే వాడి జాడ."

"ఎందుకు?" అన్నాడు పర్విజీ. గొంతులో వెటకారం తగ్గింది. "రోజూ సాయంత్రం ఊడ్చేవాడు, గది వైపుకి వచ్చేవాడు. తెల్లారగట్ల, తిరగేసి, అటువైపు ఎందుకు ఊడ్చాడు? ఏం చెరిపాడు?"

"అది చూద్దాం."

ఆవిడ బాట పక్క పొదల్లో చెయ్యి పెట్టింది. ఒక పొద మొదట్లో, చీపురు అందని చోట, నల్లటి గొర్రె పెంటికలు గుప్పెడు దొరికాయి. వేలితో నలిపింది. రెండు మూడు రోజులవి. ఇంకో పొద ముల్లుకి ఉన్ని పోగు ఒకటి వేలాడుతోంది. తెల్లగా లేదది. ఎర్రగా ఉంది.

తూబా దాన్ని మడిచి అరచేతిలో పెట్టుకుంది.

తిరిగి వస్తూ బాట నడుమన ఆగింది. చీపురు గీతల మీదనుంచి ఉత్తరానికి పోయే పాదముద్రలు మూడు వరసలు. ఒకటి పెద్దది, రెండు చిన్నవి, ముద్దుగా, అటూ ఇటూ తిరుగుతూ.

"ఊరకుక్కలు," అన్నాడు పర్విజీ. "చూశాను. గోళ్ళ గుర్తులు కనిపిస్తున్నాయిగా. పిల్లి జాతి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది."

తూబా యదుల్లా పుస్తకం తెరిచింది. మొదటి పేజీలోనే పెన్సిలుతో గీసిన పంజా బొమ్మ. కింద వంకర రాత: 'చీతా గోళ్ళు ముడుచుకోదు. కుక్క అనుకుని మోసపోవద్దు. అరికాలు దిండు వెనక మూడు వంపులు చూడాలి.'

ఇద్దరూ వంగి చూశారు. పెద్ద పాదంలో మూడు వంపులు. చిన్నవాటిలోనూ మూడే.

పర్విజీ ఒక చిన్న పాదముద్ర పక్కన వేలు ఆనించాడు.

"ముద్రలు గీతల మీద పడ్డాయి," అంది తూబా మెల్లగా. "వాడు ఊడ్చి వెళ్ళిన తరవాత దాటాయి. తల్లి, రెండు పిల్లలు. ఎవడూ ఎవరికీ అమ్మలేదు. ఉత్తరాన ఊటల దగ్గర నీళ్ళు తాగుతున్నాయి ఇప్పుడు." పద్నాలుగు నెలలు ఎదురుచూసినవాడు మాత్రం చూడలేదు. కెమెరా కూడా చూడలేదు.

పర్విజీ చేతిలోని గింజలు జేబులో పోసుకున్నాడు. "అయితే వాడెక్కడ?"

"ముసలాయన్ని తీసుకురండి."

*

కల్బ్‌అలీ వంతెన మీదికి రానని మొరాయించలేదు. వచ్చి ఇసక అంచున కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. వెనకే గోల్‌అందామ్.

తూబా అరచెయ్యి తెరిచింది. ఎర్రటి ఉన్ని పోగు.

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఈ వంతెన మీదా? రైలు కట్ట కిందనుంచి తోలుకెళ్తున్నానన్నావుగా నాతో!"

"తొమ్మిది రాత్రులు," అంది తూబా. "పదకొండు దాటాక మందతో ఈ దారిన ఉత్తరానికి పోయారు. తెల్లారకముందే తిరిగొచ్చారు. కెమెరా ఎందుకు ఆగిపోయేదో తెలుసా పెద్దాయనా? మీ బొమ్మ పడకూడదని. వైర్లెస్సు గదిలో ఎందుకుండేదో తెలుసా? అది గరగరమంటే వాడు పొదల పక్కనే ఉన్నాడని మీకు తెలిసిపోతుందని. మీరు దాటేదాకా చీకట్లో నిలబడి, మీ మంద కాళ్ళ గుర్తులన్నీ తెల్లారేలోగా ఊడ్చేసేవాడు. పై అధికారి చూస్తే మీ మంద జప్తు అవుతుందని. వాడి ఉద్యోగం పోతే పోనీ అని."

ముసలాయన ఊడ్చిన ఇసక వైపు చూశాడు.

"నేను..." ఎండిపోయిన బావిలో చేద దిగినట్టు వచ్చిందా గొంతు. "గాలి చెరిపేస్తోందనుకున్నాను."

కింద ఒక లారీ పోయింది.

"బుధవారం ఏం జరిగింది?"

"నాలుగూ ఇరవైకి దాటొచ్చాను. మందని దొడ్లో తోలి తలుపు వేస్తున్నాను. ఐదవుతుందేమో. ఇటునుంచి కేక వినపడింది. 'బాబా' అని. ఒక్కసారే."

"విని?"

"విని..." కల్బ్‌అలీ కళ్ళు మూసుకున్నాడు. "పట్టుబడ్డాననుకున్నాను. నిలదీయడానికి పిలుస్తున్నాడనుకున్నాను. లేకపోతే వాడే ముందు మాట్లాడాడు, ఓడిపోయాడు, ఇంటికొచ్చి చెయ్యి పట్టుకుంటే అప్పుడు చూద్దాంలే అనుకున్నాను. తలుపు గొళ్ళెం పెట్టుకున్నాను."

గోల్‌అందామ్ మొగుడి వీపు మీద రెండు చేతులతో గుద్దింది. ఒకసారి గుద్ది, ఆ చేతులు అక్కడే ఉంచేసింది.

"రెండు రోజులు నోట్లో పెట్టుకున్నావా ఈ మాట!" అంది. "రెండు రోజులు!"

"ఎట్లా చెప్పను? కొడుకు పిలిస్తే పలకలేదని ఏ నోటితో చెప్పను?"

తూబాకి ఆయనని తిట్టే టైము లేదు. పదీ ఇరవై. "కెప్టెన్, కింద చూస్తూ రండి. ఈ నేల మీద గజ్ చెట్లు లేవు. వాడి చీపురు మాత్రం రాలుతూనే ఉంటుంది."

ఉత్తరపు వాలు గులకరాళ్ళ నేల. మూడడుగులకొక ఆకుపుల్ల, ఎండి గోధుమరంగు తేలి, ముళ్ళ చివరల్లాంటివి. రాళ్ళ మధ్య ఇసక ఉన్నచోట మళ్ళీ నెలవంక గీతలు. అడుగులు మాత్రం ఎక్కడా లేవు. మంద నడిచిన బాటంతా వాడు వెనక్కి నడుస్తూ చెరిపాడు. కళ్ళు తండ్రి గుర్తుల మీద, వీపు ఎడారి వైపు.

నూట యాభై అడుగుల దగ్గర తూబా ఆగి వెనక్కి తిరిగింది. వాడు నడిచినట్టు తనూ వంతెన వైపు మొహం పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. వీపు వెనక ఏముందో తెలియకుండా చీకట్లో ఇంత దూరం నడిచాడు. వచ్చేదారిలో తను ఊహించిన తొమ్మిది చావుల్లో ఇది లేదు.

"పెద్దాయనా," అంది. "ఈ దారిలో ఏముంది? నేల మీద కాదు. నేల కింద."

కల్బ్‌అలీ ముందున్న పొదల వైపు తిరిగాడు.

"కనాత్," అన్నాడు. "మా తాత కనాత్. కొండ కిందనుంచి నీళ్ళ కాలువ తీసుకురావడానికి వరసగా తవ్విన బావులు. ఏడు. వంతెన మట్టి కోసం వచ్చినవాళ్ళు ఐదోదాని మీద చెక్కలు పరిచి మట్టి కప్పేశారు. మంద తోలేటప్పుడు నేను పక్కకి తిప్పుతాను. గొర్రెలకీ తెలుసు. వాడికి..." ఊపిరి పీల్చుకున్నాడు. "వాడికి నేనెప్పుడు చెప్పాను? మాటలే లేవుగా."

ఆయన పరిగెత్తాడు. డెబ్భై ఏళ్ళ మోకాళ్ళతో, కర్ర పారేసి, పరిగెత్తాడు.

గీతలు ముప్పై అడుగుల అవతల ఆగిపోయాయి. ఆగిపోయినచోట ఒక పొద పక్కకి వాలి పడుకుని ఉంది. వేళ్ళతో సహా. దాని కింద విరిగిన చెక్క కొస. దాని పక్క చీకటి.

"ఆగండి!" పర్విజీ ముసలాయన నడుం పట్టి వెనక్కి లాగాడు. తను పొట్ట మీద పడుకుని, మోచేతులతో పాకి, పొదని పక్కకి తోశాడు. మనిషి పట్టేటంత కంత. లోపల తడిమట్టి వాసన. టార్చి వేశాడు. నాలుగు నిలువుల లోతున వెలుగు పోయి ఎర్రమట్టి కుప్ప మీద పడింది. కుప్పలోంచి గజ్ కొమ్మల కట్ట సగం బయటికి ఉంది. పక్కకి కాలువ సొరంగం, నల్లగా.

మనిషి కనపడలేదు.

"యదుల్లా!" పర్విజీ అరిచాడు.

ఏమీ లేదు.

"యదుల్లా! పోలీసులం! వినపడితే రాయి కొట్టు!"

అంచునుంచి గుప్పెడు మట్టి రాలి కింద పడిన చప్పుడు. అంతే.

తూబా పిలిచింది. తల్లి పిలిచింది, పిలుస్తూ పిలుస్తూ గొంతు పోయి కూర్చుండిపోయింది. కంతలోంచి చల్లటి గాలి వచ్చింది గానీ మాట రాలేదు. యాభై మూడు గంటలు. తూబా మనసు తన అలవాటు ప్రకారం అన్నిటికంటే చెడ్డదాన్ని ముందుకు తెచ్చి నిలబెట్టింది. దాన్ని పక్కకి తొయ్యడానికి ఆవిడకి బలం చాల్లేదు.

పర్విజీ లేచి వైర్లెస్సు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "సెమ్నాన్. హెలికాప్టర్ కావాలి. వెంటనే. తాళ్ళు, డాక్టరు." అవతల ఏదో అడిగారు. "అవును, నేను వద్దన్న మాట నిజమే. ఇప్పుడు కావాలంటున్నాను. నా తప్పని రాసుకోండి," అని కట్టేశాడు.

కల్బ్‌అలీ ఇంకా నిలబడే ఉన్నాడు.

"మీరు పిలవండి," అంది తూబా.

"నేనా?"

"వాడు పిలిచింది మిమ్మల్ని."

ముసలాయన మెల్లగా కూలబడ్డాడు. నేల మీద బోర్లా పడుకుని, గడ్డం మట్టిలో ఆనేలా, మొహం కంతలోకి వంచాడు. పద్నాలుగు నెలలు పళ్ళెం అటువైపు కూర్చున్నవాడి పేరు ఆయన నోట్లో ఎక్కడో ఇరుక్కుంది.

"యదూ," అన్నాడు. వినపడీ వినపడనట్టు. తరవాత ఎక్కడిదో బలం తెచ్చుకుని అరిచాడు. "యదూ! నేనురా! మీ నాన్నని! యదూ!"

ఆ కేక గోడలకి తగిలి కిందికి, సొరంగంలోకి పోయింది. మట్టి పెళ్ళలు రెండు విరిగి పడ్డాయి. పర్విజీ ముసలాయన కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. దూరంగా రహదారి మీద లారీ ఒకటి రావడం, దాటడం, పోవడం వినపడింది. తూబా గడియారం వైపు చూడలేదు. చూడకూడదనుకుంది. కల్బ్‌అలీ కన్నీళ్ళు మొహం మీదనుంచి జారి చీకట్లోకి పడుతున్నాయి. ఒకటి, ఇంకొకటి. అవి కింద పడిన చప్పుడు కూడా రావడం లేదు.

అప్పుడు సొరంగం లోపలినుంచి, చాలా అడుగునుంచి, బొంగురుపోయిన గొంతు ఒకటి వచ్చింది.

"అరవకు బాబా. మట్టి రాలుతోంది. మెల్లగా మాట్లాడు."